ఈలపిట్ట కోసం టాప్‌స్లిప్‌లో ఒక వారం

మా అమ్మ చెవులు పోతున్నాయని తేలిన రోజు ఆమె డాక్టరును ఒక్క మాటే అడిగింది. "ఈలపిట్ట కూత వినబడతాదా?" ఆయనకు ఆ పిట్టేదో తెలియదు. ఒక చెవి అప్పటికే మూసుకుపోయిందని, రెండోది కూడా అదే దారిలో ఉందని, మిల్లు చప్పుడు ముందుగా సన్నటి శబ్దాలనే తినేస్తుందని తమిళంలో నిదానంగా చెప్పాడు. ఆయన గొంతు అమ్మకు అందలేదు. నేను పక్కన నిలబడి చేతులతో చెప్పాను. అమ్మ నా చేతుల వైపే చూసి, "అట్లయితే తొందరగా పోవాల" అంది.

కొండల్లో వారం రోజులు నడవాలంటే ఎంతవుతుంది, ఎట్లా పోవాలి అని నన్ను అడిగేవాళ్ళున్నారు. నాకు బాగా తెలిసిన ప్రయాణం ఇదొక్కటే, అదీ పాతది. కోయంబత్తూరులో మిల్లు సంగు మోగితే ఊరంతా లేచే కాలంనాటిది. సైరన్ని మేము సంగు అనేవాళ్ళం. మాది మిల్లు వెనక కూలీలకు వరసగా కట్టిన లైన్ ఇళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మిల్లు లోపల రెండూ పనికిరావు. అమ్మ పేరు రంగమ్మ. ఆమె, నేను, పక్కింటి ఫిలోమినా అక్క ముగ్గురం నూలు చుట్టే వైండింగ్ సెక్షన్‌లో పనిచేసేవాళ్ళం. గోడకు అవతల మగ్గాల షెడ్డు. ఆ హోరులో పక్క మనిషి చెవిలో అరిచినా వినబడదు, అందుకే అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. మీసం దువ్వినట్టు చేస్తే మేస్త్రి వస్తున్నాడు, నోరు మూసుకో అని. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే మిషన్ నడుస్తోంది, దిగులు లేదు అని. కొత్తగా చేరినవాళ్ళకు పనికన్నా ముందు ఇవే నేర్పేవాళ్ళం.

ఇక ఆ పిట్ట సంగతి. అమ్మ పుట్టింది ఆనైమలై కొండల్లో, టాప్‌స్లిప్ దగ్గర. మా తాత అక్కడ కలప నరికే కూలి. వాగు పక్కన గుడిసె. తెల్లవారకముందే వాగులో రాళ్ళ మీద నల్లటి పిట్ట కూర్చుని మనిషి వేసినట్టే ఈల వేసేదట. పాట ఒకచోట మొదలై ఎక్కడెక్కడో తిరిగి ఎక్కడా ముగియదట. పనీపాటా లేని పిల్లోడు దారి వెంట ఈల వేసుకుంటూ పోతున్నట్టు ఉంటుందని అమ్మ చెప్పేది. చిన్నప్పుడు ఆమె కూడా తిరిగి ఈల వేసేదట, పిట్ట బదులిచ్చేదట. పెళ్ళయి కిందికి దిగాక మా నాయనమ్మ ఒక రోజు విని, ఆడది ఈల వేస్తే కొంపకు దరిద్రమని నోరు మూయించింది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ అమ్మ ఈల వేయగా నేను వినలేదు.

ఆ ఎండాకాలం చివర కరెంటు కోత ముదిరి మిల్లు వారం రోజులు మూసేస్తామని బోర్డు మీద నోటీసు పెట్టారు. తక్కిన ఇళ్ళలో దిగులు. మా ఇంట్లో అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, ఇనుప బీరువా కోసం దాచిన దీపావళి బోనసు తీసి చాప మీద పెట్టింది. నాయన ముఖం మాడింది. "చెవిటోని ముందర సంగు ఊదినట్టు, వినబడని పిట్ట కోసం దుడ్లు తగలేస్తారా?" అన్నాడు. ఆ మాట అమ్మకు వినబడలేదు. వినబడలేదనే నాకు ఎక్కువ బాధ వేసింది. నేను ఆయన వైపు చూశాను. కాసేపటికి ఆయనే, "పోయి రాండి. బీరువా యాడికీ పోదు" అన్నాడు.

నాయన ఒప్పుకున్నా లైన్ ఊరుకుంటుందా? మా వాళ్ళలో గుడి లేని కొండకు పోయినవాళ్ళు అంతకుముందు లేరు. కుళాయి దగ్గర అందరూ చుట్టుముట్టి ఏం మొక్కు, ఏ దేవుడికి అని ఒకటే ఆరా. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట. అట్లా, తన వంతు దుడ్లు వేసుకుని మాతో బయలుదేరిన ఫిలోమినా అక్క, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, "పళనికి పోతాండాము" అనేసింది. అంతే, సాయంత్రానికి ఇంటింటినుంచీ పసుపు గుడ్డలో ముడిచిన చిల్లర రావడం మొదలైంది. పళనికి పోయేవాళ్ళ చేతికి హుండీలో వేయమని కానుక ఇవ్వడం మా దగ్గర ఆచారం. తీసుకోకపోతే తప్పు, తీసుకుని వేయకపోతే పాపం. మా బడ్జెట్‌లో లేని పళని అట్లా వచ్చి కూర్చుంది.

బడ్జెట్ అంటే పెద్ద లెక్కేం కాదు. ఫిలోమినా అక్క ఉన్న డబ్బును మూడు ముడులు కట్టింది. ఒకటి పోవడానికి, ఒకటి ఉండడానికి, ఒకటి తిరిగి రావడానికి. తిరుగు ప్రయాణం ముడిని జాకెట్ లోపల పెట్టి కుట్టేసింది, విప్పాలంటే కత్తెర కావాలి. తిండి మాత్రం ఇంటినుంచే మోసుకుపోయాం. బియ్యం, రాగి పిండి, ఉలవలు, దబ్బకాయ ఊరగాయ, ఒక పంపు స్టవ్. కొండ మీద దొరికే ప్రతిదానికీ కింది ధరకు ఒకటిన్నర రెట్లు వేసుకోండి, ఆ కాలంలోనూ అంతే, ఈ కాలంలోనూ అంతే. మేము వెళ్ళింది వానలు మొదలయ్యే జూన్‌లో కాబట్టి జలగల కోసం ఉప్పు, పొగాకు పొడి కలిపి గుడ్డ సంచుల్లో మూటకట్టాం. కాళ్ళకు చుట్టుకోవడానికి మిల్లులో పారేసే వేస్టు కాటన్ ఉండనే ఉంది.

తెల్లవారగానే బయలుదేరి పొళ్ళాచ్చి బస్సెక్కాం. మనిషికి రెండు రూపాయలు కూడా కాలేదు. పొళ్ళాచ్చిలో అటవీ ఆఫీసులో అనుమతి చీటీ తీసుకునేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. ముగ్గురు ఆడవాళ్ళు, వారం రోజులు, నడవడానికి అంటే గుమాస్తా నమ్మలేదు. మగవాళ్ళెవరూ లేరా అన్నాడు. "ఉండారు, ఇంటికాడ వంట చేస్తాండారు" అంది ఫిలోమినా అక్క తమిళంలో. ఆయన నవ్వి ముద్ర కొట్టాడు. అక్కడినుంచి ఆనైమలై మీదుగా సేతుమడైకి, తరువాత కొండ దారిలో టాప్‌స్లిప్‌కు రోజుకు ఒకటో రెండో బస్సులు. సేతుమడైలో టీ కొట్టు ఆయన, "పైన వాన పట్టింది, జలగలు మీ రక్తం తాగి మత్తెక్కి పడతాయి" అన్నాడు. "మిల్లు తాగంగా మిగిలింది తాగనీ" అంది అమ్మ. ఆయన పెదవులు చూసి అర్థం చేసుకుంది. వినబడదని ఆయనకు తెలియనే లేదు.

పైన కూలీల పాత షెడ్డులో మాకు చోటిచ్చారు. ఒక్కరికి రోజుకు రూపాయి. మాకు దారి చూపడానికి వేలు అనే అటవీ వాచర్ని పెట్టారు, నలభై దాటిన మనిషి, మాటకు ముందు దగ్గు. మొదటి రోజు షోలా అడవిలోకి తీసుకుపోయాడు. కొండ మడతల్లో ఉండే చల్లటి చిట్టడవిని అక్కడ షోలా అంటారు. పట్టుమని పది నిమిషాలు నడవలేదు, ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. "అమ్మా, ఎందుకు కొట్లాడుకుంటున్నారు?" అని అడిగాడు. మేము కొట్లాడుకోవడం లేదు. అన్నంలోకి పొద్దున ఉప్పు ఎవరు వేశారో మాట్లాడుకుంటున్నాం. మిల్లు మనుషుల మామూలు గొంతు అది. పుట్టినప్పటినుంచీ అట్లా మాట్లాడేవాళ్ళ మధ్యే ఉన్నాం కాబట్టి అది అరుపని మాకు ఎవరూ చెప్పలేదు. "ఇట్లా అయితే పిట్ట కాదు, ఏనుగు కూడా ఊరు విడిచిపోతుంది" అన్నాడు వేలు. నాకు సిగ్గేసింది. పిట్టను వినడానికి ఇంత దూరం వచ్చి, దాన్ని తరిమేస్తున్నది మేమే.

గుసగుసగా మాట్లాడదామంటే అమ్మకు వినబడదు. గట్టిగా మాట్లాడితే పిట్ట ఉండదు. ఫిలోమినా అక్క రెండు నిమిషాలు ఆలోచించి, చేతులెత్తి, మిల్లు భాషలో "ఇంక ఇదే" అంది. చప్పుడు ఎక్కువై నేర్చుకున్న భాష, చప్పుడే లేని చోట పనికొచ్చింది. అప్పటినుంచి దారి పొడవునా చేతులే. జారుతుంది జాగ్రత్త, నీ కాలికి జలగ, ఆకలేస్తోంది, అన్నీ చేతులతోనే. నడక నిదానమైంది, ఎందుకంటే మాట్లాడాలంటే ఒకరి ముఖం ఒకరు చూడాలి. ఆ వారంలో అమ్మ ముఖం చూసినంతగా అంతకుముందు ఇరవై ఏళ్ళలో చూడలేదు. వేలుకు ఇది తెగ నచ్చి, రెండో రోజుకే మీసం దువ్వే సైగ నేర్చుకున్నాడు. రేంజరు కనబడినప్పుడల్లా మాకు చేసి చూపించేవాడు.

రోజూ తెల్లవారకముందే వాగు దగ్గరికి పోయి కూర్చునేవాళ్ళం. తాత గుడిసె ఉన్న చోట ఇప్పుడు వెదురు పొద. అమ్మ ఆ రాయి ఇది, ఈ రాయి అది అని చూపించింది. తరువాత ఎండ వచ్చాక ఏదో ఒక దారిన నడక, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం షెడ్డు. రెండు తెల్లవారుజాములు పోయాయి. నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు. వేలు మాత్రం ఉంటుంది, ఉంటుంది అంటూనే ఉన్నాడు.

మూడో పొద్దున అమ్మ ఉన్నట్టుండి చేయెత్తింది. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, నవ్వింది. "వినబడింది" అని చేత్తో చెప్పింది. నేను చెవులు రిక్కించాను. నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఫిలోమినా అక్క వైపు చూశాను, ఆమె ముఖం పాలిపోయి ఉంది. వేలు ఏదో చెప్పబోతే ఆమె టక్కున మీసం దువ్వి చూపించింది. ఆయన నోరు మూసుకున్నాడు. అమ్మ లేచి చీర దులుపుకుని గట్టిగానే అంది. "విన్నాను గదా, ఇంక ఇంటికి పోదాము. నాలుగు దినాల దుడ్లు మిగులుతాయి. మీ నాయనకు బీరువాకు ఆసరా."

వినబడకపోయినా వినబడిందని చెప్పి మమ్మల్ని ఖర్చునుంచి తప్పిస్తోంది, అంత మాత్రం నాకు అర్థమైంది. ఫిలోమినా అక్క అమ్మ ముందుకొచ్చి, పెదవులు బాగా కదిలేట్టు అంది. "నాకు వినబడలేదు రంగక్కా. నేను కూడా దుడ్లు పెట్టే వచ్చినాను. నేను వినేదాకా ఈడనుంచి కదలను." అమ్మ ఆమె వైపు చాలాసేపు చూసింది. తరువాత మళ్ళీ రాయి మీద కూర్చుంది.

ఆ మరుసటి రోజంతా వాన. షెడ్డులో పడుకుని, కారే చోటల్లా గిన్నెలు పెట్టి, ఉలవలు ఉడకేసుకుని తిన్నాం. వారం ప్రయాణం వేసుకునేవాళ్ళు ఇట్లాంటి రోజు ఒకటి లెక్కలో పెట్టుకోవాలి, దానికి నడక ఉండదు, ఖర్చు ఉంటుంది. వాన తగ్గిన తరువాత రోజు ఏనుగుల శిబిరం దాకా నడిచి వచ్చాం. వేలు భార్య పనసపండు తొనలు పంపింది. మంచి రోజే అది. అయినా రాత్రి పక్క పరుచుకుంటూ ఎవరమూ పిట్ట మాట ఎత్తలేదు.

చివరి పొద్దున మూటలు కట్టి పెట్టి వేలుతో కలిసి వాగుకు పోయాం. సన్నగా తుంపర. అమ్మ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. వెలుగు ఇంకా సరిగా రాలేదు. అప్పుడు వినబడింది. ఎవరో మనిషే అనుకుని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఈల మెల్లగా మొదలై, పైకి పోయి, తిరిగి, తడబడి, మళ్ళీ ఎత్తుకుంది. అమ్మ చెప్పినట్టే అది ఎక్కడా ముగియడం లేదు. ఫిలోమినా అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. వాగుకు అవతల, తడిసిన రాయి మీద నల్లటి పిట్ట, భుజం దగ్గర కొద్దిగా నీలం.

అమ్మ నీళ్ళనే చూస్తోంది. ఎందుకో తలెత్తి మా ముఖాలు చూసింది. ఏంది అని చేత్తో అడిగింది. నేను చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను. నడుస్తోంది. ఆమె కళ్ళు నా వేలి మీదే నిలబడ్డాయి. నిజమా అని మళ్ళీ అడిగింది. నేను తల ఊపాను.

"నాకు వినబడలేదు సరోజా" అంది మెల్లగా. ఆమె గొంతు అంత మెల్లగా రావడం నేను మొదటిసారి విన్నాను. "మొన్న కూడా."

"తెలుసమ్మా" అన్నాను చేత్తో.

అమ్మ ఆ ఈల ఎట్లా పోతోందో చూపించమంది. నేను గాలిలో చేయి కదిపాను, ఇక్కడ పైకి, ఇక్కడ దిగింది, ఇక్కడ వంకర తిరిగింది. అమ్మ నా చేతిని చూస్తూ చూస్తూ పెదవులు ముడిచింది. ముందు ఉత్త గాలి వచ్చింది. రెండోసారీ గాలే. మూడోసారి ఈల వచ్చింది. సరిగ్గా అదే, ఎక్కడ పైకి పోవాలో ఎక్కడ తడబడాలో అంతా అదే. ఇన్నేళ్ళు ఈ మనిషి దాన్ని ఎక్కడ దాచుకుందో నాకు అర్థం కాలేదు.

పిట్ట ఆగిపోయింది. నా వేలు గాలిలో నిలిచిపోయింది. అమ్మ దాన్నే చూస్తోంది, కదలదేమోనని ఆమె ముఖంలో భయం స్పష్టంగా కనబడుతోంది. నేను ఆ క్షణం ఏ దేవుణ్ణి మొక్కానో గుర్తులేదు, పసుపు గుడ్డలో ఉన్న పళని దేవుణ్ణే అయుంటుంది. అప్పుడు అవతలినుంచి ఈల వచ్చింది. నేను వేలు తిప్పాను. అమ్మ మళ్ళీ వేసింది. ఆగింది. నేను మళ్ళీ తిప్పాను. వెలుగు బాగా వచ్చేదాకా అట్లా సాగింది, అమ్మ పిట్ట వైపు చూడనే లేదు, నా వేలినే చూసింది. మేము ముగ్గురం ఏడుస్తున్నామని వాచర్ వేలు చెబితే గానీ తెలియలేదు.

తిరుగు దారిలో పొళ్ళాచ్చినుంచి ఉడుమలైపేట మీదుగా పళనికి పోయాం. కొబ్బరి తోటలు, చిన్న చిన్న మిల్లుల మధ్యనుంచి పోయే బస్సు అది. ఫిలోమినా అక్క జాకెట్ కుట్లు అక్కడే విప్పాల్సి వచ్చింది. లైన్ వాళ్ళ కానుకలు ఆమే తన చేత్తో హుండీలో వేసింది. పళనికని చెప్పింది నేనే గదా, మాట తప్పకూడదు అంది. ఇంటికొచ్చి అందరికీ ప్రసాదం పంచాం.

అమ్మ రెండో చెవి కూడా తరువాత పూర్తిగా పోయింది. ఆ మిల్లు ఇప్పుడు లేదు, లైన్ ఇళ్ళు లేవు, ఆ చోట అపార్టుమెంట్లు లేచాయి. సంగు మోగక నిద్ర లేవడం మరచిపోయిన ముసలివాళ్ళు మా వీధిలో ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. కానీ ఆ ప్రయాణం నుంచి వచ్చాక అమ్మ తెల్లవారుజామున కుళాయి దగ్గర నీళ్ళు పడుతూ ఈల వేసేది. ఎవరూ వద్దనలేదు. వేసి, ఆగి, ఇంటి వైపు తిరిగి చూసేది. బీరువా కోసం అంత గొడవ చేసిన మా నాయన మంచం మీదనుంచే చేయెత్తి చూపుడువేలు గుండ్రంగా తిప్పేవాడు. మా లైన్‌లో కాకులు తప్ప ఏ పిట్టా ఉండేది కాదు. ఆయన బతికున్నంత కాలం ఒక్క రోజు కూడా తిప్పడం మానలేదు.

ఇప్పుడు పోయేవాళ్ళకు ఒక మాట. దారులు, రుసుములు, అనుమతులు అన్నీ మారిపోయాయి, అవి అటవీశాఖ వాళ్ళను అడిగి ముందే తెలుసుకోండి. నేను చెప్పగలిగింది ఒక్కటే. బయలుదేరే ముందు మీతో వచ్చేవాళ్ళతో కూర్చుని నాలుగు చేతి సైగలు ఒప్పందం చేసుకోండి, అడవిలో నోరు మూసుకుని నడవొచ్చు. అందులో "వినబడుతోంది" అనేదానికి ఒకటి ఉండేట్టు చూసుకోండి.